ఫాండెంట్ తాడు బోర్డర్ కేక్ చుట్టూ తిప్పేలోపే పగిలిపోతోంది, ఏం చేయాలి?

సుధ_విశాఖ
మూడు రోజులుగా ఒకటే టెన్షన్. ఆదివారం మా ఆడపడుచు కొడుకు మొదటి పుట్టినరోజు. కేక్ పైన ఉయ్యాల్లో చిన్ని కృష్ణుడు, అడుగున చుట్టూ తాడు మెలికలా ఫాండెంట్ (చక్కెర ముద్ద) బోర్డర్ కావాలన్నారు. కృష్ణుడు వచ్చాడు, ఉయ్యాల వచ్చింది, నెమలి ఈక కూడా బాగా కుదిరింది. తాడు దగ్గర ఆగిపోయాను. రెండు పేటలు చేసి మెలిపెడుతున్నాను. బల్ల మీద ఉన్నంతసేపు చక్కగా ఉంటుంది. కేక్ చుట్టూ తిప్పేసరికి వంపు వచ్చిన ప్రతిచోటా సన్నటి నెర్రెలు. ఒకచోట లావు, ఒకచోట సన్నం. చివరికి ఎప్పుడూ నాలుగు వేళ్లు తక్కువ పడుతుంది. నిన్న మూడోసారి చేసింది రాత్రికి పురి విప్పుకుని బోర్డు మీదకు జారిపోయింది. కేక్ 8 అంగుళాలది, లోపల గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత), పైన ఫాండెంట్ కప్పాను. చేయి తిరిగినవాళ్లు ఎవరైనా చెప్పండి.

మైదా_మహి
ఫాండెంట్ గట్టిపడడానికి వేసే సీఎంసీ పొడి ఎంత కలిపారు?

సుధ_విశాఖ
పావుకిలోకి రెండు చెంచాలు. కృష్ణుడి బొమ్మకు కలిపిన ముద్దలో మిగిలిందే తాడుకూ వాడాను.

మైదా_మహి
దొరికింది. బొమ్మ గట్టిపడి నిలబడాలి కాబట్టి సీఎంసీ కావాలి. అది కూడా పావుకిలోకి ఒక్క చెంచా చాలు. తాడు వంగాలి, అందుకని దానికి మామూలు ఫాండెంటే వాడండి. రెండు చెంచాలు పడ్డ ముద్ద మీరు మెలిపెట్టే ఆ ఐదు నిమిషాల్లోనే పైన పొర కట్టేస్తుంది. పొర కట్టాక వంచితే నెర్రెలు రాక తప్పదు.

రవ్వలడ్డు
సీఎంసీ అసలు వద్దంటే నేను ఒప్పుకోను మహీ. విశాఖ గాలిలో తేమ ఎంత ఉంటుందో నీకు తెలియదు. నేను ఆరేళ్లు గాజువాకలో ఉన్నాను. ఉత్త ఫాండెంట్‌తో పేట చేస్తే చేతిలోనే సాగిపోతుంది, ఎత్తగానే మధ్యలో సన్నబడుతుంది. పావుకిలోకి పావు చెంచా వేయాలి. అంత మాత్రం బిగువు ఉంటేనే మెలిక నిలుస్తుంది.

మైదా_మహి
పావు చెంచా అయితే సరే. నేను కర్నూలు ఎండలో చేసేదాన్ని, ఇక్కడ ఉత్తదే ఎండిపోతుంది. ఊరిని బట్టి మారుతుంది, ఒప్పుకుంటున్నాను.

ఓవెన్‌రాణి
ఇంత అవస్థ ఎందుకు, సిలికాన్ మోల్డ్ కొనుక్కోండి. తాడు మోల్డులు ఎక్కడైనా దొరుకుతున్నాయి. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, ఫాండెంట్ నొక్కి, పైన ఎక్కువైనది కత్తితో గీసేసి, పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే అచ్చు ఊడి వస్తుంది. నేను రోజుకు మూడు నాలుగు కేకులు చేస్తాను, చేత్తో మెలిపెడుతూ కూర్చునే తీరిక ఉండదు.

పిండివంట_సీతమ్మ
మోల్డ్ తాడు చూడగానే తెలిసిపోతుందమ్మా. వెనకవైపు చదునుగా ఉండి పట్టీ అతికించినట్టు కనిపిస్తుంది. చేత్తో చేసిన తాడుకు కింద నీడ పడుతుంది, ఆ గుండ్రటితనమే అందం. నాకు 61 ఏళ్లు, మనవరాలి కోసం రెండేళ్ల కిందట కేకులు నేర్చుకున్నాను. తాడు దగ్గర నాకు ఒక్కరోజూ ఇబ్బంది రాలేదు. కారణం ఏమిటంటే 40 ఏళ్లుగా చేగోడీలు చుడుతున్నాను. చేగోడీ పిండిని వేళ్లతో లాగుతామా? వేళ్లతో నొక్కితే ఎక్కడ వేలు పడితే అక్కడ గుంట. అరచేయి కింద పెట్టి, మధ్య నుంచి మొదలుపెట్టి, రెండు చేతులూ పక్కలకు జరుపుకుంటూ దొర్లించాలి. సుధా, నీకు ఒకచోట లావు, ఒకచోట సన్నం వస్తోందంటే వేళ్లతో చేస్తున్నావన్నమాట.

సుధ_విశాఖ
నిజమే ఆంటీ, వేళ్లతోనే. ఆ మాట మీరు చెప్పేదాకా తట్టలేదు.

పిండివంట_సీతమ్మ
అరచేతితో ముప్పావు వంతు చేసి, ఆఖరున కేక్ నునుపు చేసే ప్లాస్టిక్ స్మూదర్ ఉంటుంది కదా, దాన్ని పైన పెట్టి రెండుసార్లు దొర్లించు. స్మూదర్ లేకపోతే చదునైన స్టీలు పళ్లెం అడుగు చాలు. గాజు కడ్డీలా వస్తుంది.

సకినాల_సిరి
సీతమ్మ గారు చేగోడీలు అన్నారు, మరి మా సకినాలను వదిలేశారు! మాది కరీంనగర్. సంక్రాంతికి పాత చీర పరిచి, వరుసగా కూర్చుని, నువ్వులూ వామూ కలిపిన తడి బియ్యప్పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురి తిప్పుతూ వదులుతాం. సకినాన్ని దగ్గరగా చూడండి, ప్రతి చుట్టులోనూ సన్నటి మెలిక ఉంటుంది. అది తాడు బోర్డరే కదా! మా అమ్మ ఫాండెంట్ పేరు కూడా విననిది, నా కేక్ మీద తాడు చూసి ‘ఇది సకినం చేయి’ అంది.

పిండివంట_సీతమ్మ
తప్పే సిరీ, సకినాలను మరవకూడదు. ఒక డబ్బా పంపితే క్షమించినట్టు లెక్క.

గోదారిపిల్ల
పొడవు తక్కువ పడుతోందన్న దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. సుధ గారూ, ఎంత పొడవు తీసుకుంటున్నారు?

సుధ_విశాఖ
8 అంగుళాల కేక్‌కు చుట్టుకొలత 25 అంగుళాలు వస్తుంది కదా. 27 తీసుకుంటున్నాను.

కొబ్బరితోట
అక్కడే పోయింది. నేను కేకులు తక్కువ చేస్తాను, తాళ్ల గురించి మాత్రం చెప్పగలను. మా తాతగారిది అంబాజీపేట పక్కన చిన్న ఊరు. ఇంటి వెనక కొబ్బరి పీచు నానబెట్టి, కొట్టి, తాడు పేనేవారు. చిన్నప్పుడు సెలవులకు వెళితే చక్రం తిప్పే పని నాది. పేట ఎంత పొడవుంటే తాడు అంత పొడవు ఎప్పటికీ రాదు. పురి ఎక్కినకొద్దీ పొట్టి అవుతుంది, ఎందుకంటే పేట ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ వెళ్లాలి. వదులు మెలికకు మూడో వంతుకు కాస్త తక్కువ అదనం కావాలి. బిగువు మెలికకు సగానికి దగ్గరగా అదనం కావాలి.

రెండోది. 8 అంగుళాలన్నది మీ టిన్ను కొలత. గనాష్, ఫాండెంట్ పొరలు పడ్డాక కేక్ ఎనిమిదిన్నర అయిపోతుంది. లెక్కలు వద్దు, ఒక దారం తీసుకుని కేక్ అడుగున చుట్టి చూడండి. దాదాపు 68 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 1.3తో గుణిస్తే 88. ఒక్కో పేట 90 సెంటీమీటర్లు చేసుకోండి. మిగిలితే కోసేయొచ్చు, తక్కువైతే అతకాలి.

సుధ_విశాఖ
90 సెంటీమీటర్లా! నేను 70 చేసుకుని, ఎందుకు చాలడం లేదా అని మళ్లీ మళ్లీ లాగుతున్నాను. ఆ లాగడంలోనే సన్నబడి నెర్రెలు వచ్చాయేమో.

కొబ్బరితోట
లాగారా? మరింకేం. తాడును లాగి బిగించవచ్చు, చక్కెర ముద్దను లాగకూడదు. దానికి పీచు లేదు.

మైదా_మహి
కొలతకు ఇంకొకటి కలుపుతాను. పేటలు రెండూ ఒకే లావు రావాలంటే కంటితో చూడొద్దు, తూకం వేయండి. పెన్సిల్ లావు పేటలతో 8 అంగుళాల కేక్ తాడుకు మొత్తం 125 గ్రాముల దాకా పడుతుంది. ముద్దను సగం సగం తూచి, ఒక్కోటీ 62 గ్రాములు, రెండింటినీ ఒకే పొడవుకు దొర్లించండి. బరువు ఒకటే, పొడవు ఒకటే అయితే లావు దానంతట అదే ఒకటవుతుంది. కొంచెం అదనంగా 20 గ్రాములు పక్కన కవర్లో పెట్టుకోండి, అతుకు దగ్గర పనికొస్తుంది.

నాన్న_బేకర్
నేను మా పాప పుట్టినరోజుకు మాత్రమే ఏడాదికి ఒక కేక్ చేస్తాను. ఈసారి తాడుకు జంతికల గొట్టం వాడాను, ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను. నక్షత్రం బిళ్ల వేసి ఫాండెంట్ నొక్కితే గాడులున్న కాడ వస్తుంది. దాన్ని ఒక్కదాన్నే రెండు చివరలా పట్టుకుని మెలిపెడితే గాడులన్నీ ఏటవాలుగా తిరిగి అచ్చం నూలు తాడులా వచ్చింది. రెండు పేటలు కలపాల్సిన పనే లేదు.

ఓవెన్‌రాణి
గొట్టానికి వాము వాసన, కారం వాసన ఉండవా?

నాన్న_బేకర్
ఉంటాయి. అందుకే కొత్త స్టీలు గొట్టం కొన్నాను. మా అమ్మ తన ఇత్తడి గొట్టం ముట్టుకోనివ్వలేదు, అది అమ్మమ్మ నుంచి వచ్చింది. దాంట్లో చక్కెర ముద్ద పెడితే మళ్లీ జంతికలకు పనికిరాదని ఆమె పట్టు. న్యాయమే.

రవ్వలడ్డు
ఫాండెంట్ గొట్టంలో నొక్కాలంటే చేతులు పడిపోవా? నేను బంకమట్టి బొమ్మలకు వాడే చిన్న ఎక్స్‌ట్రూడర్‌తో ప్రయత్నించి వదిలేశాను, పిడి తిరగలేదు.

నాన్న_బేకర్
ముందు ముద్దను మైక్రోవేవ్‌లో 5 సెకన్లు వెచ్చబెట్టాలి. అంతకు మించితే కారిపోతుంది. తర్వాత బఠాణీ గింజంత డాల్డా వేసి మెత్తగా పిసికి, గొట్టం లోపల కూడా డాల్డా రాసి నొక్కాలి. అప్పుడు జంతికల పిండి కన్నా కాస్త గట్టిగా ఉంటుంది, అంతే.

డాలస్_పద్మ
ఎక్స్‌ట్రూడర్‌కు వచ్చే బిళ్లల్లో మూడు ఆకులు కలిసినట్టుండే బిళ్ల ఒకటి ఉంటుంది, చాలామంది అది ఎందుకో తెలియక పక్కన పడేస్తారు. తాడు కోసమే అది. దాంతో తీసిన ఒక్క కాడను మెలిపెడితే మూడు పేటల తాడు వస్తుంది. నేను ఇక్కడ మన వాళ్ల బారసాలలకు, సీమంతాలకు అదే వాడతాను. చలికాలంలో ఇంట్లో హీటర్ గాలికి ఫాండెంట్ నిమిషాల్లో ఎండుతుంది. కాబట్టి తీసిన కాడ మీద వెంటనే క్లింగ్ ఫిల్మ్ కప్పుతాను.

సుధ గారూ, ఒక ప్రశ్న. మీరు చేసేటప్పుడు పైన ఫ్యాన్ తిరుగుతోందా?

సుధ_విశాఖ
తిరగకుండా ఎలా పద్మ గారూ, ఇక్కడ ఉక్కపోత!

డాలస్_పద్మ
తేమ ఊళ్లోనైనా నేరుగా ఫ్యాన్ గాలి తగిలితే పైపొర ఎండి, లోపల మెత్తగా ఉండిపోతుంది. అలాంటి తాడే వంపు దగ్గర ఏనుగు చర్మంలా ముడతలు పడి పగులుతుంది. ఏసీ ఉన్న గది అయితే 24 దగ్గర పెట్టుకుని ఫ్యాన్ ఆపేయండి. లేకపోతే పొద్దున్నే చేసుకోండి. తాడు మెలిపెట్టి కేక్‌కు చుట్టడం పది నిమిషాల పని, ఆ పది నిమిషాలు ఫ్యాన్ ఆపితే చాలు.

గోదారిపిల్ల
బల్ల మీద ఏం చల్లుతున్నారు సుధ గారూ?

సుధ_విశాఖ
కార్న్‌ఫ్లోర్. అతుక్కోకుండా బాగానే చల్లుతాను.

గోదారిపిల్ల
తగ్గించేయండి. పిండి ఎక్కువైతే కాడ దొర్లదు, జారుతుంది. మీరు అరచేయి జరుపుతుంటే అది అక్కడే ఉండి చదునుగా అవుతుంది. పైగా పిండి తేమను లాగేసి నెర్రెలు తెప్పిస్తుంది. బల్లకు చిటికెడు డాల్డా రాసి గుడ్డతో తుడిచేస్తే ఆ మిగిలిన జిడ్డు చాలు. నెర్రెలు అప్పటికే వచ్చి ఉంటే కూడా వేలికి కొంచెం డాల్డా రాసుకుని మెల్లగా రుద్దండి, సన్నవి పూడిపోతాయి.

పిండివంట_సీతమ్మ
నెయ్యి రాస్తే రంగు మారుతుంది, వాసన వస్తుంది. తెల్ల ఫాండెంట్‌కు నెయ్యి వద్దు.

రవ్వలడ్డు
పురి విప్పుకుని జారిందన్నది ఇంకా మిగిలే ఉంది. కొబ్బరితోట గారూ, మీ తాతగారి తాడు విప్పుకోదు కదా, దీనిదేమిటి?

కొబ్బరితోట
అదే చెప్పాలనుకుంటున్నాను. పీచు తాడులో ముందు ఒక్కో పేటకు ఒకవైపు పురి ఎక్కిస్తారు. తర్వాత పేటలన్నీ కలిపి దానికి ఎదురువైపు పేనుతారు. పేట తన పురి విప్పుకోవాలని చూస్తుంది. అలా విప్పుకోబోతే కలిపిన మెలిక ఇంకా బిగుస్తుంది. ఒకదాని పంతాన్ని ఇంకొకటి పట్టుకుని ఉంటుంది. అందుకే చేయి వదిలినా నిలుస్తుంది.

ఫాండెంట్ పేటకు అంత పంతం లేదు. పురి ఎక్కించినా నునుపుగానే ఉంటుంది, నిలవదు. కాబట్టి దీన్ని వేరేలా నిలబెట్టాలి. రెండు పేటలు పక్కపక్కన పెట్టి, ఒక చివర రెండింటినీ కలిపి నొక్కండి. తర్వాత కుడి అరచేయి ముందుకు, ఎడమ అరచేయి వెనక్కు, రెండూ ఒకేసారి దొర్లించండి. మెలిక రెండు చివరల నుంచీ మధ్యకు సమంగా వస్తుంది. ఒక చివర పట్టుకుని రెండో చివరే తిప్పితే అక్కడ బిగువు, ఇక్కడ వదులు. మెలిక పూర్తయ్యాక రెండో చివర కూడా నొక్కేయండి. రెండు మూడు నిమిషాలు ఫిల్మ్ కింద వదిలేస్తే కుదురుకుంటుంది.

మైదా_మహి
మెలిపెట్టే ముందు ఒక పేటకు పొడవునా తడి బ్రష్ ఒక్కసారి లాగితే చాలు, రెండూ అంటుకుని విప్పుకోవు. బ్రష్‌ను టిష్యూ మీద ఒత్తి తీయాలి. చుక్క కారిందంటే మెరుపు మరక పడుతుంది.

సుధ_విశాఖ
కేక్‌కు అతికించడానికి నీళ్లు బాగానే రాశాను. జారింది అందుకేనా?

మైదా_మహి
అందుకే. నీళ్లు ఎక్కువైతే ఫాండెంట్ కరిగి జారుడు బండ అవుతుంది. పావు చెంచా సీఎంసీని రెండు పెద్ద చెంచాల నీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. ఉండలుగా కనిపించినా పొద్దుటికి జిగురైపోతుంది. దాన్ని కేక్ అడుగు అంచున, బోర్డు తాకేచోట, సన్నగా గీతలా రాయండి. తాడు బరువు బోర్డు మీదే ఉండాలి, కేక్ గోడకు ఆనుకుంటే చాలు.

ఓవెన్‌రాణి
నా మాట ఎవరూ పట్టించుకోలేదు కానీ ఆదివారానికి ఇక మూడు రోజులే ఉంది. మొదటిసారి చేసేవాళ్లకు మోల్డ్ భరోసా. మెలికలన్నీ ఒకేలా వస్తాయి, పొడవు సమస్య లేదు, ముక్కలు పక్కపక్కన పెట్టుకుంటూ పోవడమే.

రవ్వలడ్డు
పట్టించుకోకపోవడం కాదు రాణీ. ఒకేలా రావడం నీకు నచ్చింది, మాకు కాస్త తేడా ఉంటే నచ్చుతుంది. పది కేకులు ఇవ్వాల్సిన రోజున నేనూ మోల్డే తీస్తాను. ఇంట్లో పిల్లాడి కేక్‌కు మాత్రం చేత్తో చేస్తాను.

ఓవెన్‌రాణి
అది సరే.

నెల్లూరు_స్రవంతి
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను విప్పింగ్ క్రీమ్ కేకులే చేస్తాను, మా దగ్గర ఎక్కువమంది అవే అడుగుతారు. వాటి మీద ఫాండెంట్ తాడు పెట్టొచ్చా? ఒకసారి పెడితే ఫ్రిజ్‌లో రెండు గంటలకే కిందివైపు పాకంలా కారింది.

గోదారిపిల్ల
పెట్టకూడదు స్రవంతీ. క్రీమ్‌లో నీళ్లుంటాయి, ఫాండెంట్ అంతా చక్కెర. చక్కెర ఆ నీటిని లాక్కుని కరుగుతుంది. వైట్ చాక్లెట్ ముద్దతో తాడు చేయండి. 200 గ్రాముల వైట్ కాంపౌండ్ కరిగించి, గోరువెచ్చగా అయ్యాక 50 నుంచి 60 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్ కలపాలి. ఎక్కువ కలియబెట్టకుండా, ముద్దవగానే ఆపేసి, ఫిల్మ్‌లో చుట్టి నాలుగైదు గంటలు బయటే ఉంచాలి. తర్వాత పిసికితే ఫాండెంట్‌లాగే దొర్లుతుంది. దాంట్లో కొవ్వు ఉంటుంది కాబట్టి క్రీమ్ తేమకు అంత త్వరగా కరగదు. ఎక్కువ పిసికితే మాత్రం చేతివేడికి నూనె వదులుతుంది. అలా అయితే పది నిమిషాలు వదిలేసి మళ్లీ పట్టుకోండి.

పిండివంట_సీతమ్మ
క్రీమ్ కేక్ అయితే స్టార్ నాజిల్‌తో క్రీమ్ తాడే వేసుకోవచ్చు కదా. 21 నంబర్ నాజిల్ పెట్టి, పడుకున్న ‘ఎస్’ అక్షరంలా ఒకటి వేసి, దాని వంపు కింద నుంచి ఇంకొకటి మొదలుపెడుతూ పోవాలి. పది నిమిషాల పని.

నెల్లూరు_స్రవంతి
రెండూ చేసి చూస్తాను. చాలా థాంక్స్ ఆంటీ.

సకినాల_సిరి
సుధక్కా, తాడుకు రంగు ఏమిటి? మా పిన్ని కూతురు బంగారు రంగు పొడి రాయించుకుంది, చాలా బాగుంది.

సుధ_విశాఖ
వాళ్లు కూడా బంగారు రంగే అడిగారు సిరీ. పొడి కొన్నాను, ప్యాకెట్ మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంది.

డాలస్_పద్మ
ఆగండి. ‘నాన్ టాక్సిక్’ అంటే తినొచ్చని కాదు. తినేదైతే ప్యాకెట్ మీద ‘ఎడిబుల్’ అని రాసి, లోపల ఏమేం ఉన్నాయో జాబితా ఉంటుంది. 2018లో ఇక్కడ అమెరికాలో, రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో బేకరీలో కొన్న పుట్టినరోజు కేక్ తిని పిల్లలు వాంతులతో జబ్బుపడ్డారు. ఆ కేక్ అలంకరణకు వాడిన మెరుపు పొడిలో రాగి చాలా ఎక్కువగా ఉందని తేలింది. తినకూడని పొడుల ప్యాకెట్లలో కొన్నిటి మీద కూడా ‘నాన్ టాక్సిక్’ అనే ఉంటుంది. ఏడాది పిల్లాడి కేక్ అండీ, తాడు ముక్క వాడి చేతికే మొదట అందుతుంది.

మైదా_మహి
పద్మ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మన దగ్గరైతే ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) 14 అంకెల లైసెన్స్ నంబరు, పదార్థాల జాబితా రెండూ చూసుకోండి. లేకపోతే బొమ్మలకు కూడా రాయొద్దు.

సుధ_విశాఖ
ఒళ్లు జలదరించింది. పొడి పక్కన పడేశాను. పసుపు, కొద్దిగా బ్రౌన్ జెల్ రంగులు కలిపి గోధుమ బంగారు రంగు ముద్ద చేస్తాను. మా అత్తగారు శాకాహారి, ఫాండెంట్‌లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందా అని కూడా అడిగారు.

రవ్వలడ్డు
ఇంట్లో చేసే పద్ధతుల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది. దాని బదులు సముద్రపు నాచు నుంచి వచ్చే చైనా గ్రాస్ వేసి కూడా చేస్తారు. మీరు కొన్నదే అంటున్నారు కాబట్టి ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందేమో చూసి ఆవిడకు చూపించేయండి.

సుధ_విశాఖ
ఉంది. హమ్మయ్య.

కొబ్బరితోట
ఒక్క హెచ్చరిక. 90 సెంటీమీటర్ల బల్ల లేక రెండు ముక్కలుగా చేసేవాళ్లు ఉంటారు. రెండు ముక్కలకూ చేతులు ఒకేలా కదలాలి, కుడి ముందుకు, ఎడమ వెనక్కు. ఒక దానికి మర్చిపోయి తిరగేస్తే మెలిక వాలు మారిపోతుంది. అప్పుడు ముక్కను తలకిందులు చేసి పెడదామనుకుంటారు, కుదరదు. కుడి పురి తాడు ఎటు తిప్పినా కుడి పురి తాడే. అతుకు దగ్గర రెండు వాలులూ ఢీకొని బాణం గుర్తులా కనిపిస్తుంది.

సకినాల_సిరి
ఆ బాణం గుర్తే కావాలంటే? కావాలనే ఒకటి కుడి పురి, ఒకటి ఎడమ పురి చేసి పక్కపక్కన ఆనిస్తే?

కొబ్బరితోట
అచ్చం జడ అల్లికలా ఉంటుంది. ఓణీల ఫంక్షన్ కేక్ మీద పూలజడ అడిగినవాళ్లకు మూడు పాయలు అల్లాల్సిన పని లేకుండా అలా చేసి పెట్టొచ్చు.

సకినాల_సిరి
వచ్చే నెల అలాంటి ఆర్డరే ఉంది నాకు! దాచుకుంటున్నాను ఈ మాట.

పిండివంట_సీతమ్మ
అతుకు సంగతి కూడా చెప్పేస్తాను. చివరలు నిలువుగా కోయకు సుధా. మెలిక గాడి ఎటు వాలిందో అటే ఏటవాలుగా కోసి, రెండు చివరలనూ గాడిలో గాడి కూర్చోబెట్టి నొక్కు. కేక్ వెనకవైపు పెట్టు. ఇంకా కనిపిస్తే అక్కడొక నెమలి ఈకో, చిన్న పువ్వో పెట్టేస్తే సరి.

సుధ_విశాఖ
ఆదివారం రాత్రి రాస్తున్నాను. పొద్దున 6 గంటలకు లేచి, ఏసీ గదిలో భోజనాల బల్ల మీద, ఫ్యాన్ ఆపి మొదలుపెట్టాను. 62 గ్రాములు, 62 గ్రాములు తూచాను. పావు చెంచా సీఎంసీ లెక్కన కలిపాను. డాల్డా రాసి తుడిచిన బల్ల. సీతమ్మ ఆంటీ చెప్పినట్టు అరచేతులతో, ఆఖరున స్మూదర్. మొదటి పేట 92 సెంటీమీటర్లు వచ్చింది, ఎక్కడా గుంట లేదు. రెండు అరచేతులూ ఎదురెదురుగా దొర్లించగానే మెలిక మధ్యకు పరుగెత్తుకుంటూ వచ్చింది. మా ఆయన వీడియో తీశారు. కేక్ చుట్టూ తిప్పాక రెండు వేళ్లు మిగిలింది కూడా! ఒక్క నెర్రె లేదు.

ఒక్క లోటు. ఫంక్షన్ హాల్లో ఏసీ, వెళ్లే దారిలో కారులో వేడి. హాలుకు వెళ్లేసరికి తాడు మీద సన్నగా చెమట పట్టి మెరిసింది. ముట్టుకోకుండా వదిలేస్తే అరగంటకు ఆరింది కానీ, ఒకచోట తెల్ల కేక్ మీద బ్రౌన్ రంగు సన్నటి గీతలా అంటింది.

డాలస్_పద్మ
ముట్టుకోలేదు, మంచి పని చేశారు. ముట్టుకుంటే వేలిముద్ర పడి అలాగే ఉండిపోయేది. కేక్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉందా?

సుధ_విశాఖ
ఉంది. తాడు పెట్టాక కూడా గంటన్నర మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టాను.

గోదారిపిల్ల
చెమట అందుకే. చల్లటి కేక్ మీద బయటి తేమ చేరింది. గనాష్ కేక్ కాబట్టి ఆ గంటన్నర ఏసీ గదిలోనే ఉంచొచ్చు. ఫ్రిజ్ తప్పదనుకుంటే అట్టపెట్టెలో పెట్టి మూసి ఉంచండి. అట్ట కొంత తేమ పీలుస్తుంది. బయటికి తీశాక కూడా పెట్టె తెరవకుండా గంటసేపు అలాగే వదలండి. ముదురు రంగు తాడు తెల్ల కేక్ మీద పెట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎరుపు, నలుపు అయితే ఇంకా ఎక్కువ అంటుతాయి.

రవ్వలడ్డు
పిల్లాడు ఏం చేశాడో చెప్పలేదు.

సుధ_విశాఖ
పద్మ గారు చెప్పినట్టే. కొవ్వొత్తి ఆర్పేలోపే తాడు పట్టుకుని లాగాడు. జానెడు ఊడి వచ్చింది. మెలిక మాత్రం విడలేదు కొబ్బరితోట గారూ, వాడు చప్పరించేదాకా రెండు పేటలూ అలాగే ఉన్నాయి.

కొబ్బరితోట
మా తాతకు చెప్పాలి ఈ మాట. ఫొటో పెట్టండి.

సకినాల_సిరి
వీడియో కూడా అక్కా, ఆ మెలిక పరుగెత్తినది.